ముగ్గురు మిగిలితే రెండు పాయింట్లు

ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో ఫ్యాక్షన్ అన్న మాట చాలాసార్లు వస్తుంది. టాటా సుమోలు గాల్లోకి లేస్తాయని ఆశపడి మొదలుపెడితే నిరాశే మిగులుతుంది. తొడగొట్టడం మాత్రం ఒకచోట ఉంది, అదీ కబడ్డీలో.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది నిజామాబాద్ జిల్లా మెండోర. నిజామాబాద్ అనగానే ఆఫీసులో వాళ్ళు "ఓ, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ!" అంటారు. ఆ ఫ్యాక్టరీ 2015 చివర్లోనే మూతపడింది, పైగా బోధన్ జిల్లాకి ఆ చివర, మేం ఈ చివర. మా వైపు చెరుకు కాదు, పసుపు. పోచంపాడు డ్యాము పక్కన అంటే కొంచెం తెలుస్తుంది. 2016లో జిల్లాలూ మండలాలూ మార్చినప్పుడు మా ఊరే మండలమైంది, అంతకుముందు బాల్కొండ మండలం కింద ఉండేవాళ్ళం.

సరే, పండగ పూట దగ్గర్లోని ఒక ఊళ్ళో కబడ్డీ పోటీలు పెట్టారు. మా ఊరి జట్టుకి మా చిన్నాన్న కొడుకు కెప్టెన్. కబడ్డీకి ఏడుగురు కావాలి కదా, మావాళ్ళు ఐదుగురే దిగారు ఆటోలోంచి. మిగతా ఇద్దర్లో ఒకడు నెల కిందటే మస్కట్ వెళ్ళిపోయాడు, ఇంకొకడు వీసా మెడికల్ కోసం సరిగ్గా ఆరోజే హైదరాబాదు పోయాడు. బాల్కొండ, ఆర్మూరు చుట్టుపక్కల ఇది మామూలే. మా దగ్గర ఏ జట్టయినా గల్ఫుకి పోగా మిగిలిన జట్టే.

ఎదురుగా ఉన్నది పెద్ద ఊరు. ఏడుగురు లోపల, ఐదుగురు బయట కూర్చుని ఎప్పుడెప్పుడా అని చూస్తున్నారు. బనియన్ల మీద ఎరువుల దుకాణం పేరు కూడా వేయించుకున్నారు.

"ఐదుగురితోనే ఆడ్తం సార్," అన్నాడు మావాడు. అంపైరు ఒక పీఈటీ సారు. ఆయన సరేనన్నాడు. అప్పుడు లేచాడు అవతలి కెప్టెన్.

"గట్లెట్ల సార్? ఐదుగురే ఉంటే మాకు బోనస్ గీత ఎన్నటికి పనిచెయ్యది. వాళ్ళల్ల ఇద్దరు పోతె సాలు సూపర్ టాకిల్ మొదలు. రేపటి సంది మేం గూడ ఐదుగురితోనే దిగుతం మరి!"

కబడ్డీ చూడటం మానేసినవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఎదుటి కోర్టులో ఆరుగురు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నప్పుడే, కూతకెళ్ళినవాడు బోనస్ గీత దాటి ఒక పాయింటు తెచ్చుకోగలడు. ఐదుగురికి తగ్గితే ఆ గీత ఉన్నా లేనట్టే. ఇంకోవైపు, కాపు కాసేవాళ్ళు ముగ్గురికో అంతకన్నా తక్కువకో పడిపోయినప్పుడు కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తే ఒకటి కాదు, రెండు పాయింట్లు. దాన్నే సూపర్ టాకిల్ అంటారు. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యాక టీవీలో తెలుగు టైటాన్స్ ఆటలు చూసినవాళ్ళకి ఈ మాట బాగా పరిచయం.

అవతలి కెప్టెన్ మాటలకి మా ఊరివాళ్ళు గయ్యిమన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎందుకో గుండెల్లో కలుక్కుమంది. ఎందుకంటే ఇదే పేచీని నేను పదిహేనేళ్ళుగా స్క్రీను మీద చూస్తున్నాను. ఒకసారి ఈ పేచీలో ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను కూడా. అది తర్వాత చెప్తాను.

ఆన్‌లైన్ ఆటల్లో ఫ్యాక్షన్లంటే పక్షాలు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004) ఆడినవాళ్ళకి అలయన్స్, హోర్డ్ తెలుసు. ఆట మొదట్లోనే ఏదో ఒక పక్షం ఎంచుకోవాలి. ఎవరిష్టం వాళ్ళది, కాబట్టి రెండు పక్షాలూ సమానంగా ఉండాలని రూలేమీ లేదు. ఒకవైపు బొమ్మలు అందంగా ఉన్నాయని కొందరు, గెలిచేవాళ్ళంతా అక్కడే ఉన్నారని ఇంకొందరు, మావాడు అక్కడ ఉన్నాడని మిగతావాళ్ళు చేరిపోతారు. కాస్త వంగిన తక్కెడ ఆ తర్వాత తనంతట తాను లేవదు. బలగం ఉన్నచోటికే బలగం.

పోనీ పదిమంది ఎక్కువైతే ఏమవుతుంది అనుకుంటాం గానీ, లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక సూత్రం చెప్పాడు. దూరం నుంచి ఎవరైనా ఎవరినైనా కొట్టగలిగే పోరులో ఒక పక్షం బలం దాని సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో పెరుగుతుంది. 30 మంది, 20 మంది తలపడ్డారనుకోండి, మనిషికి మనిషి సమానమే. 900 లోంచి 400 తీసేస్తే 500, దాని వర్గమూలం 22 చిల్లర. అంటే 20 మందీ నేలకొరిగేసరికి అవతల పోయేది ఎనిమిది మందే! ఆ 20 మంది సరిసమానంగా నిలబడాలంటే ఒక్కొక్కడు రెండుంపావు మనుషుల పెట్టు కావాలి. ఇది తెలిశాక "తక్కువ ఉన్నవాళ్ళకి 10 శాతం బోనస్" అని ఎవరైనా ప్రకటిస్తే ఏమనాలో మీరే చెప్పండి.

ఈ జబ్బుకి కంపెనీలు వాడిన మందుల జాబితా పెద్దదే. నాకు నచ్చినవి, నవ్వొచ్చినవి మాత్రం చెప్తాను.

2008లో వార్‌క్రాఫ్ట్‌లోనే వింటర్‌గ్రాస్ప్ అని ఒక కోట యుద్ధం పెట్టారు. మొదట్లో ఎవరైనా ఎంతమందైనా రావచ్చు. తక్కువమంది వచ్చిన పక్షానికి టెనాసిటీ అని ఒక వరం ఇచ్చేవారు. మనుషులు ఎంత తక్కువైతే ఒక్కొక్కరి ప్రాణమూ దెబ్బా అంత పెరుగుతాయి. లాంచెస్టర్ లెక్కకి సరైన జవాబు ఇదే అనిపిస్తుంది కదూ? తీరా చూస్తే ఏమయ్యిందంటే, పదిమంది భీములు తయారయ్యేవారు. చంపడం కష్టమే. కానీ ఆ యుద్ధంలో నాలుగు వైపులా వర్క్‌షాపులూ బురుజులూ ఉంటాయి, భీముడైనా ఒకేసారి రెండు చోట్ల నిలబడలేడు. వాళ్ళు ఇక్కడ విజృంభిస్తుంటే మిగతా మూడు చోట్లా అవతలివాళ్ళ జెండా ఎగిరేది. చివరికి క్యూ పెట్టి రెండు వైపులా తలలు లెక్కపెట్టి పంపే పద్ధతికి మారారు.

2010 డిసెంబర్లో ఇంకో సరదా జరిగింది. టోల్ బరాడ్ అనే చోట కాపు కాసేవాళ్ళే ఎప్పుడూ గెలుస్తున్నారు, దాడికొచ్చేవాళ్ళకి ఆశ లేదు. దాడి చేసి గెలిస్తే వచ్చే హానర్ పాయింట్లని 180 నుంచి ఏకంగా 1800 చేశారు. మన ఇంజనీరు బుర్రలు ఊరుకుంటాయా? "ఈసారి మీరు గెలవండి, వచ్చేసారి మేం" అని రెండు పక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. కోటలో ఉన్నవాళ్ళు చేతులు కట్టుకు నిలబడ్డారు, ఎందుకంటే కోట పోతేనే కదా మళ్ళీ దాడి చేసే అవకాశం. శత్రువులు ఇంత చక్కగా సహకరించుకోవడం ఆ ఆట చరిత్రలో అంతకుముందు లేదు. కొద్ది రోజుల్లోనే దాన్ని 360కి దించేశారు.

గిల్డ్ వార్స్ 2 వాళ్ళు (2012) ఇంకో దారి పట్టారు. జనం తక్కువున్న పక్షానికి అనుభవం పాయింట్లూ, మంచి వస్తువులు దొరికే అదృష్టమూ పెంచారు గానీ పోరాడే బలం మాత్రం పెంచలేదు. ఓడిపోతారు, కానీ కొంచెం డబ్బున్నవాళ్ళుగా ఓడిపోతారన్నమాట.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2018 నాటి వార్ మోడ్. వార్‌క్రాఫ్ట్‌లో మీరు కావాలనుకుంటేనే బయటి ప్రపంచంలో శత్రువులతో పోరు, ఆ స్విచ్చి వేసుకున్నందుకు 10 శాతం బోనస్. హోర్డ్ వాళ్ళు ఎగబడి స్విచ్చి వేశారు, అలయన్స్ వాళ్ళు వెనకాడారు. దాంతో ఆ ఏడు డిసెంబర్లో తక్కువున్న పక్షానికి బోనస్ పెంచడం మొదలెట్టారు, తర్వాత అది 30 శాతం దాకా వెళ్ళింది. పైగా 25 మంది హోర్డ్ ఆటగాళ్ళని చంపితే మంచి ఆయుధమో కవచమో ఇస్తామన్నారు. అలయన్స్ జనం గుంపులు కట్టి వచ్చేశారు, గుంపు అంటే ముప్పై నలభై మంది. ఒంటరిగా పనిచేసుకుంటున్న హోర్డ్ వాణ్ణి చుట్టుముట్టి 25 లెక్క పూర్తిచేసుకుని, బహుమతి జేబులో వేసుకుని స్విచ్చి ఆపేసి ఇంటికెళ్ళిన వాళ్ళు బోలెడంతమంది.

అసలు తిరకాసు ఇక్కడుంది. బోనస్ లెక్క కట్టింది మొత్తం ప్రాంతంలో ఎంతమంది స్విచ్చి వేశారని, పోరు జరిగేది మాత్రం సర్వర్ ముక్కల్లో. రిజిస్టరు ప్రకారం తక్కువున్న పక్షం ఫలానా లోయలో ఆ నిమిషానికి నలుగురికి ఒకడి చొప్పున ఎక్కువ ఉండొచ్చు. అయినా బోనస్ వాళ్ళకే! కాలువ తూము దగ్గర గేజి చూసి, చివరి ఆయకట్టుకి కూడా నీళ్ళందినయ్ అని రాసుకోవడం లాంటిదే ఇది. మా పొలం లక్ష్మి కాలువ కింద ఒక చిన్న పిల్లకాలువ చివర్లో ఉంది, కాబట్టి ఈ రకం లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట.

ఇంకొకటి. తక్కువున్న పక్షానికి ఇచ్చే బహుమతి వెనక రెండు వేర్వేరు ఉద్దేశాలుంటాయి. జనాన్ని ఇటు రప్పించడం ఒకటి, ఉన్న కొద్దిమందినీ నిలబెట్టడం ఇంకొకటి. కంపెనీలు ఈ రెండింటినీ ఒకే బోనస్‌తో సాధించాలని చూస్తాయి. రప్పించే బోనస్ ఫలించిన రోజున దాని అవసరమే ఉండదు. తీసేస్తే వచ్చినవాళ్ళు పోతారు, ఉంచితే అవతలివాళ్ళు తక్కువైపోతారు. ఆటోస్కేలింగ్ పెట్టినవాళ్ళకి తెలిసే ఉంటుంది, లోడు కొలిచే టైముకీ సర్వర్ లేచే టైముకీ మధ్య ఆలస్యముంటే పది లేస్తాయి, పది పడిపోతాయి, రాత్రంతా పేజర్ మోగుతూనే ఉంటుంది. మా వైపు పసుపు రైతులదీ ఇదే బాధ. పోయినేడు ధర చూసి ఈ ఏడు విత్తనం పెడతారు, అందరూ అదే ధర చూసి పెడతారు, తొమ్మిది నెలలకి పంట చేతికొచ్చేసరికి నిజామాబాద్ మార్కెట్ యార్డులో బస్తాల మీద బస్తాలు.

మూడో పక్షం ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుందని నా అభిప్రాయం. డార్క్ ఏజ్ ఆఫ్ క్యామెలాట్ (2001)లో మూడు రాజ్యాలు. ఒకటి బాగా బలిస్తే మిగతా రెండూ చెప్పుకోకుండానే దాని మీద పడతాయి. ప్లానెట్‌సైడ్ 2 (2012)లో కూడా మూడే, దానికి తోడు తక్కువున్న సామ్రాజ్యానికి అనుభవం పాయింట్ల బోనస్. విచిత్రమేమిటంటే ఆ క్యామెలాట్ చేసిన మిథిక్ కంపెనీయే 2008లో వార్‌హామర్ ఆన్‌లైన్ చేసినప్పుడు రెండే పక్షాలు పెట్టింది. అందరూ డిస్ట్రక్షన్ వైపు దూకారు, ఆర్డర్ వైపు వెలవెలబోయింది. ఆట 2013 డిసెంబర్లో మూతపడింది. కారణం అదొక్కటే అని అనను గానీ, మూడు తెలిసినవాళ్ళు రెండుకి ఎందుకు దిగారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

(ఇక్కడిదాకా చదివి "వీడు రిజర్వేషన్ల గురించి తిప్పి తిప్పి చెప్తున్నాడు" అనుకునేవాళ్ళు కొందరుంటారు. లేదండీ బాబూ. అక్కడ సమస్య తలలు తక్కువ కావడం కాదు, తరతరాలుగా కొందర్ని బరిలోకే రానివ్వకపోవడం. అది వేరే లెక్క, దాన్ని ఈ తక్కెడలో తూచడం తప్పు.)

ఇప్పుడు నా కథ. మేం ఆడిన ఆట పైన చెప్పినవాటిల్లో ఏదీ కాదు, దాని పేరు అనవసరం. 2012 ప్రాంతంలో నేను డల్లాస్‌లో ఆన్‌సైటులో ఉన్నాను. ఐదుగురం తెలుగువాళ్ళం, ఇద్దరు న్యూజెర్సీ, ఇద్దరం డల్లాస్, ఒకడు కాలిఫోర్నియా. ఆ కాలిఫోర్నియావాడు తెనాలి కుర్రాడు, మాలో అందరికన్నా చిన్నవాడు. వాడే మమ్మల్ని ఆటలోకి లాగాడు. వాడున్న పక్షంలోనే మేమూ చేరాం, అది తక్కువ జనం ఉన్న పక్షమని మాకు వారం దాకా తెలీలేదు.

ఆర్నెల్లు రోజూ ఓడిపోయాం. నిజం చెప్పొద్దూ, బాగుండేది. వంద మందిలో ఐదుగురం ఎక్కడో దూరి ఒక గుట్టని పావుగంట కాపాడితే పండగే. శుక్రవారం రాత్రి హెడ్‌సెట్లో తెనాలి వాడి కేకలు విని మా ఆవిడ "ఎవరికైనా ప్రమాదమైందా?" అని లేచొచ్చేది.

తర్వాత మాలో ఒకడికి విసుగొచ్చింది. "ఎన్నాళ్ళిలా తన్నులు తింటాం? డబ్బు కడితే పక్షం మార్చుకోవచ్చంట" అన్నాడు. నలుగురం కట్టేశాం. తెనాలి వాడు రానన్నాడు. "మీరెళ్ళండన్నయ్యా, ఏం పర్లేదు. నాకిక్కడ అలవాటైపోయింది" అన్నాడు నవ్వుతూనే. అవతలివైపు గెలుపు తేలిక. రోజూ గెలిచేవాళ్ళం, పేరు పేరునా ఎవరు గుర్తున్నారని అడిగితే చెప్పలేను. ఒకట్రెండు సార్లు గుట్ట మీద వాడు ఎదురుపడ్డాడు. మేం పాతికమందిమి, వాళ్ళు ఆరుగురు. నేను పక్కకి జరిగాను. మిగతావాళ్ళు జరగలేదు.

ఏడాదిన్నర తర్వాత తక్కువ పక్షానికి బోనస్ ప్రకటించారు. ఎంత అన్నది గుర్తులేదు, మళ్ళీ డబ్బు కట్టి వెనక్కి రావాలనిపించేంత. నలుగురం వచ్చేశాం. "తమ్ముడూ, వచ్చేశాం రా!" అని హెడ్‌సెట్లో అరిచాను. కాసేపు ఏమీ వినపడలేదు.

"మంచిదన్నయ్యా," అన్నాడు. "ఒకటి అడుగుతాను, ఏమనుకోరుగా. నేను రెండేళ్ళు ఇక్కడే పడున్నాను. మీరివాళ పొద్దున వచ్చారు. బోనస్ నాకూ అంతే, మీకూ అంతేనా?"

నేను ఏదో జోకు వేశాను. ఏమిటో గుర్తులేదు, ఆ టైములో వెయ్యకూడనిది మాత్రం. వాడు ఆ రాత్రి మాతోనే ఆడాడు, గెలిచాం కూడా. తర్వాత లాగిన్ కాలేదు. స్నేహితుల జాబితాలో వాడి పేరు పక్కన "చివరిసారి కనిపించింది: 3 రోజులు", "2 నెలలు", "1 సంవత్సరం" అని మారుతూ పోయింది. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడేవాడు. "పనెక్కువైందన్నయ్యా" అనేవాడు. చేయడం నేనే మానేశాను.

మనందరికీ ఈ లెక్క ఆఫీసులో తెలిసిందే కదా. ఆరేళ్ళుగా అదే మాడ్యూల్‌ని మోస్తున్నవాడికి అప్రైజల్లో ఎనిమిది శాతం. కొత్తగా చేరినవాడికి పాత జీతం మీద నలభై. పాతవాడే కొత్తవాడికి కేటీ ఇవ్వాలి. రప్పించే డబ్బూ నిలబెట్టే డబ్బూ ఒకటే అనుకుంటే పోయేది ఎప్పుడూ నిలబడ్డవాడే. కానీ అందరికీ బయట తిట్టే కంపెనీ ఉంటుంది. నా విషయంలో ఆ కొత్తగా చేరినవాణ్ణి నేనే. నియమం ఎవరు రాశారన్నది పక్కన పెడితే, రెండుసార్లూ పక్షం మారింది నేను.

అందుకే ఆ రోజు మైదానంలో సూపర్ టాకిల్ గురించి కొట్లాట మొదలవగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. కబడ్డీ నియమాన్ని అంతకుముందు ఎప్పుడూ ఈ కళ్ళతో చూడలేదు. ఎంత ముచ్చటైన నియమమో చూడండి. కోర్టులో ఏడుగురున్నప్పుడు కూతకొచ్చినవాడికి ఎక్కడ చూసినా చేతులే, కాబట్టి వాడికి బోనస్ గీత అనే ఊరట. ఐదుకి తగ్గగానే వాడి తేలిక పాయింటు పోయింది. ముగ్గురికి తగ్గగానే వీళ్ళ కష్టానికి రెండింతలు. మధ్యలో నలుగురో ఐదుగురో ఉంటే ఎవరికీ ఏమీ లేదు. మీది చిన్న ఊరా, పోయినేడు ఎన్ని ఓడారు, అవేవీ అడగదు. ఈ క్షణాన ఈ గీతల మధ్య ఎన్ని తలలున్నాయన్నదే లెక్క. అవీ అందరికీ కనబడుతున్న తలలే. ఊరికే ముగ్గురున్నందుకు ఏమీ రాదు, పట్టుకుంటేనే వస్తుంది. పట్టుకోలేకపోతే ముగ్గురూ పోయి లోనా కింద అవతలివాళ్ళకే రెండు అదనం.

దొంగదారులు లేవా అంటే ఉన్నాయి. ఒక్కడే మిగిలినప్పుడు వాడు కావాలనే తొందరగా ఔటైపోవడం మామూలే, లోనా ఇచ్చేస్తే ఏడుగురూ తిరిగొస్తారు కదా. దానికి రెండు పాయింట్లు ఖరీదు కడుతున్నారు, కాబట్టి అది మోసం కాదు, బేరం.

పాత పద్ధతుల్లో ఇదింకా స్పష్టంగా ఉంటుంది. సంజీవని పద్ధతిలో అవతల ఒకడు ఔటైతే ఇవతల ఒకడు లేచొస్తాడు, ఇప్పటి ఆటకి అదే మూలం. గామినిలో పోయినవాడు పోయినట్టే, మొత్తం జట్టు పోయేదాకా ఎవరూ లేవరు. లాంచెస్టర్‌కి గామిని చూపిస్తే బాగా నచ్చేదేమో. ఇక అమర్‌లో ఔటైనవాడు కూడా బయటికి పోడు, పాయింటు మాత్రం పోతుంది. మూడు ఆటల్లోనూ అదే కూత, అదే పట్టు. తక్కువైనవాణ్ణి ఏం చెయ్యాలన్నదొక్కటే తేడా.

ఆ మాటకొస్తే చిన్నప్పుడు మేం జట్లు పంచుకున్న తీరు మాత్రం? సమాన బలమున్న ఇద్దరిద్దరు జోడీ కట్టుకుని దూరంగా పోయి రహస్యంగా పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్ళం. "పులి కావాల్నా, సింగం కావాల్నా?" అని నాయకుణ్ణి అడిగేవాళ్ళం. ఏది కోరినా నష్టం లేదు, ముందే సమానంగా జోడీ కట్టాం కాబట్టి. మ్యాచ్‌మేకింగ్ అల్గారిథం అని దీన్ని తర్వాత పెద్ద జీతాలిచ్చి చేయించుకున్నారు. బేసి సంఖ్య వచ్చి ఒకడు మిగిలిపోతే వాడు ఆటలో అరటిపండు. రెండు వైపులా ఆడతాడు, ఎటూ లెక్కలోకి రాడు, ఏడవడు కూడా. అరటిపండుగా నేను చాలా ఏళ్ళు పనిచేశాను.

సరే, మైదానానికొద్దాం. అరుపులు సద్దుమణిగాక పీఈటీ సారు విజిలు మెడలో వేసుకుని అవతలి కెప్టెన్‌ని అడిగాడు. "రేపు నువ్వు గూడ ఐదుగురితో దిగుతనన్నవ్ కదా. ఇయ్యాల్నే దిగు. నీ ఇద్దర్ని బయట కూసోబెట్టు. కూసోబెడ్తవా?"

వాడు వెనక్కి తిరిగి తన జట్టుని చూశాడు. ఎవరూ లేవలేదు.

"మరి గదే," అన్నాడు సారు. "ముగ్గురుంటె సూపర్ టాకిల్. అది మారది. వాళ్ళు ఊర్ల ఎంతమందున్నరో నేను లెక్కపెట్ట, బరిల ఎంతమందున్నరో లెక్కపెడ్త. కాకపోతే వాళ్ళ ఐదుగురూ లోపలున్నంతసేపు మీకు బోనస్ గీత ఇస్త."

ఇక్కడ నాకు అభ్యంతరముంది. సారు సూపర్ టాకిల్‌కి బరిని లెక్కపెట్టాడు, బోనస్ గీతకి జట్టుని లెక్కపెట్టాడు. కోడ్ రివ్యూలో అయితే వెనక్కి పంపేవాణ్ణి. పక్కన నిలబడ్డ పెద్దమనిషితో అదే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "పట్నం నుంచి వచ్చినవా?" అన్నాడు. మైదానంలో మాత్రం రెండు జట్లూ ఒప్పుకున్నాయి.

ఆట గురించి ఎక్కువ చెప్పను. మావాళ్ళు రెండోసగంలో ముగ్గురితో వరసగా రెండు సూపర్ టాకిళ్ళు పట్టారు. రెండోది మా తమ్ముడు చీలమండ పట్టి నేలకేసి లాగాడు, లేచి తొడగొట్టాడు (చెప్పానుగా). నాలుగు పాయింట్లు ఒక్కసారిగా వచ్చేసరికి అవతలి బెంచీ మీద కూర్చున్న ఐదుగురూ నిలబడిపోయారు. తర్వాత మావాళ్ళు అలసిపోయారు. దించడానికి మనిషి లేడు, ఎక్కించడానికీ మనిషి లేడు. మూడు పాయింట్లతో ఓడారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో తెనాలి వాడికి మెసేజి పెట్టాను. సంక్రాంతి శుభాకాంక్షలు అని మొదలెట్టి కబడ్డీ సంగతంతా రాశాను, చివర్లో "నువ్వడిగిన దానికి ఆరోజు జవాబు చెప్పలేదు, నువ్వన్నది నిజం" అన్నాను. ఆర్మూరు దాటేసరికి జవాబొచ్చింది. వాడిప్పుడు సియాటిల్లో ఉన్నాడట, ఇద్దరు పిల్లలట. "ఆ ఆట సర్వర్లు కూడా మూసేశారన్నయ్యా, తెలుసా?" అని రాశాడు. నాకు తెలీదు.

కాసేపటికి ఇంకో మెసేజి వచ్చింది. వాడిది కాదు, మా తమ్ముడిది. వీసా వచ్చినవాడు కూడా వచ్చే నెల పోతున్నాడు, ఉగాదికి ఇంకో ఊళ్ళో పోటీలున్నాయి. "అన్నా, నువ్వస్తె ఆరుగురమైతం" అన్నాడు. నాకు నలభై నాలుగు. ఎడమ మోకాలు మెట్లెక్కితేనే కిర్రుమంటుంది. పైగా ఆరో మనిషి వచ్చాడంటే అవతలివాళ్ళకి బోనస్ గీత మళ్ళీ మొదలవుతుంది, ఆ మాటే వాడికి చెప్పాను.

"అదంత నేను చూసుకుంట, నువ్వు రా" అన్నాడు. మోకాలి బెల్టు ఆర్డరు పెట్టాను.